స్త్రీల నిరుద్యోగం: కొలత ఎక్కడ తప్పుతోంది?



జనాభా లెక్కలు రాసే పని మన దేశంలో ఎక్కువగా బడి ఉపాధ్యాయుల మీదే పడుతుంది. 2011 ఫిబ్రవరిలో నా వంతుకు చిలికా ఒడ్డున, ఖల్లికోటకూ రంభకూ మధ్య ఉన్న ఒక పల్లె వచ్చింది. అక్కడ ఒక తెలుగువారి ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చున్న పెద్దాయన అన్ని ప్రశ్నలకూ తానే జవాబులు చెప్పాడు. కొడుకు సూరత్‌లో మగ్గాల మిల్లులో ఉన్నాడట. మరి కోడలో అంటే, "అదేటి సేత్తాదమ్మా, ఇంటికాడే ఉంతాది" అన్నాడు. నేను పనిచేయని వ్యక్తి అని ఒక గడిలోనూ, ఇంటిపనులు అని మరో గడిలోనూ అంకెలు వేశాను. పని కోసం చూస్తున్నదా, దొరికితే చేస్తుందా అని ఇంకో ప్రశ్న ఉంది. దానికీ లేదనే రాశాను. ఆమెను అడగనే లేదు.

బయటికి వచ్చి పక్కింటికి పోతుంటే దొడ్లో ఆ కోడలు కనిపించింది. పాత వల పరిచి దాని మీద చేపలు ఎండబెట్టింది. ఒక చేత్తో చేపలు తిరగేస్తూ, ఇంకో చేత్తో కాకుల్ని తోలుతోంది. "ఇవి ఇంట్లోకా అమ్మా?" అని అడిగాను. "ఇంట్లోకి ఇన్నేటికమ్మా? సంతకి. గంపెడు ఎల్లిపోతే ఈ నెల బియ్యం ఒచ్చేత్తాయి" అంది.

ఫారం అప్పటికే సంచిలో పెట్టేశాను. తీసి దిద్దలేదు. ఇంకా చాలా ఇళ్లు మిగిలి ఉన్నాయి, పొద్దు వాలుతోంది. అలా బియ్యం సంపాదించే ఒక మనిషి ఆ ఏడాది లెక్కల్లో పనిలేని మనిషిగా, అంతకుమించి పని అక్కరలేని మనిషిగా చేరిపోయింది. నిరుద్యోగిగా కూడా చేరలేదు, గమనించండి. స్త్రీల నిరుద్యోగాన్ని కొలవడంలో ఉన్న చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఈనాటి నా ప్రసంగం దాని గురించే.

నిరుద్యోగ శాతం అంటే మొత్తం జనంలో పనిలేనివారి వంతు అని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. ముందు జనాన్ని మూడు కుప్పలుగా విడదీస్తారు. పని చేస్తున్నవారు ఒక కుప్ప. పని లేదు గాని కావాలని వెతుకుతున్నవారు, లేదా దొరికితే చేయడానికి సిద్ధంగా ఉన్నవారు రెండో కుప్ప. ఈ రెండూ కలిస్తే శ్రామికశక్తి. చదువుకునేవారు, ముసలివారు, ఇంటిపనులు చూసుకునేవారు మూడో కుప్ప. వీరు శ్రామికశక్తికి బయట ఉంటారు. రెండో కుప్పను మొదటి రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే నిరుద్యోగ శాతం. మూడో కుప్పలో ఎంతమంది ఉన్నా ఆ భాగహారంలోకి రారు.

కాగితం పెన్సిలు అందుబాటులో ఉంటే రాసుకోండి. ఒక ఊళ్లో పని వయసు స్త్రీలు 100 మంది ఉన్నారనుకుందాం. 40 మంది పని చేస్తున్నారు. ఇద్దరు పని వెతుకుతున్నారు. మిగిలిన 58 మంది ఇంటిపనులని రాశారు. రెండును 42తో భాగిస్తే నిరుద్యోగం నూటికి 5 కన్నా తక్కువ. ఊరు బాగానే ఉందనిపిస్తుంది. ఇప్పుడు ఆ 58 మందిలో ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని, "ఇంటి దగ్గరే చేసుకునే పని దొరికితే చేస్తావా అమ్మా?" అని అడిగామనుకోండి. 20 మంది చేస్తామన్నారనుకోండి. అప్పుడు 22ను 62తో భాగించాలి. నిరుద్యోగం నూటికి 35 దాటుతుంది. ఊరు అదే, ఆడవాళ్లు వాళ్లే. ప్రశ్న మాత్రమే మారింది.

ఇరవై మంది అని నేను ఊరికే అనలేదు. జాతీయ నమూనా సర్వేవారు 2011-12లో దేశమంతటా ఇంటిపనుల్లో ఉన్న స్త్రీలను ఈ ప్రశ్నే అడిగారు. ఇంటి ఆవరణలోనే పని ఇస్తే చేస్తామన్నవారు పల్లెల్లో నూటికి సుమారు 34 మంది, పట్టణాల్లో సుమారు 28 మంది. ఈ ప్రశ్న ఆ సర్వేలకు కొత్తది కాదు. ఐదేళ్లకోసారి జరిగిన పెద్ద ఉపాధి సర్వేల్లో 1970ల చివరి నుంచీ ఇలాంటి ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు. అయితే ఆ జవాబులు వేరే పుస్తకంగా అచ్చయ్యేవి. పత్రికల్లో వచ్చే నిరుద్యోగ శాతంలో అవి ఎన్నడూ కలవలేదు.

అసలు మన భాషలోనే ఒక పేచీ ఉంది. ఉద్యోగం అనగానే మనకు ఆఫీసు, జీతం, సంతకం గుర్తుకొస్తాయి. అందుకని నిరుద్యోగి అంటే డిగ్రీ చదివి తిరుగుతున్న కుర్రవాడే. పెళ్లయి ఇద్దరు పిల్లల్ని కన్న ముప్ఫై ఏళ్ల ఆడమనిషిని నిరుద్యోగి అని ఎవరైనా అనగా విన్నారా? ఒడియాలో బేకార్ అనే మాటా అంతే, మగవాడికే అతుకుతుంది. మన తెలుగులో "పని చేస్తున్నావా" వేరు, "పనికి వెళ్తున్నావా" వేరు. పనికి వెళ్లడమంటే పరాయివాడి పొలానికో ఇంటికో కూలికి పోవడం. ఆ మాట అడిగితే కాస్త పరువుగా బతికే ఇంట్లో అత్తగారు చిన్నబుచ్చుకుంటుంది. "మా కోడలు పనికి వెళ్లే ఖర్మ ఏమిటి?" అంటుంది. ఒడియా ఇంట్లో చాకిరి ఉందా అని అడిగితే లేదంటారు. కామ ఏమి చేస్తారని అడిగితే ఘర కామ అంటారు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడే మాలాంటి వాళ్లకు ఈ తేడా రోజూ తగిలేదే. ఫారం మీద ప్రశ్న ఒకటే ఉంటుంది. దాన్ని గుమ్మం ముందు ఏ మాటల్లో అడిగామన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

ప్రశ్న మారితే దేశం లెక్కే మారిపోయిన సంగతి ఒకటి ఉంది. 1961 జనాభా లెక్కల్లో స్త్రీలలో నూటికి దాదాపు 28 మంది పనిచేసేవారని తేలింది. 1971లో ఆ సంఖ్య ఇంచుమించు సగానికి పడిపోయింది. పదేళ్లలో సగం మంది స్త్రీలు పలుగూ పారా, చేటా చాటా వదిలేసి ఇంట్లో కూర్చున్నారా? లేదు. 1971లో ముందుగా "నీ ప్రధాన వ్యాపకం ఏమిటి?" అని అడిగారు. నాట్లూ వేసి, వంటా చేసే మనిషి ప్రధానంగా ఏం చేస్తుంది? వంట అన్నారు, గణకులు అదే రాశారు. 1981లో ప్రధాన పనివారు, ఉపాంత పనివారు అని విడదీశారు. ఏడాదిలో ఆరు నెలలకు తక్కువ పనిచేసినవారు ఉపాంతం కింద వచ్చారు. 1988లో ఇలా భట్ అధ్యక్షతన వచ్చిన శ్రమశక్తి నివేదిక, ఈ కనబడని పని గురించి గట్టిగా చెప్పింది. 1991 లెక్కల నుంచి పొలంలో గాని, ఇంటి వ్యాపారంలో గాని జీతం లేకుండా చేసే పని కూడా పనే అని ప్రశ్నలోనే చేర్చారు. అంటే 2011లో నా చేతిలోని ఫారం సరిగానే అడిగింది. అడగనిది నేను.

మన ప్రాంతానికి వద్దాం. 2011 లెక్కల ప్రకారం ఒడిశాలో స్త్రీలలో పనిచేసేవారు నూటికి 27 మంది, మగవారిలో 56 మంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలు నూటికి 36 మంది. మరి ఇచ్ఛాపురం దాటి బరంపురం వైపు వస్తే ఆడవాళ్ల పని ఒక్కసారిగా తగ్గిపోతుందా? సరిహద్దు గేటు దగ్గర పొలం మారదు, నాట్లు మారవు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ఊళ్లన్నీ మద్రాసు రాజధానిలోనివే. ఒకే తాతకు పుట్టినవాళ్లు అటూ ఇటూ ఉన్నారు.

ఇక్కడ సర్వేల కట్టుబడి గురించి ఒక మాట చెప్పాలి. నమూనా సర్వేవారు ప్రతి రాష్ట్రాన్నీ కొన్ని మండలాలుగా విభజించుకున్నారు. ఒడిశాలో తీర మండలం, ఉత్తర మండలం, దక్షిణ మండలం ఉన్నాయి. గోపాల్‌పూర్ దగ్గర సముద్రం ఉన్న మన గంజాం తీర మండలంలో ఉంటుందనుకుంటాం. కాదు, దక్షిణ మండలంలో ఉంది. కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి, కలహండి వంటి కొండ జిల్లాలతో కలిపి దీని సగటు కడతారు. కొండల్లో ఆదివాసీ స్త్రీ పోడులోనూ సంతలోనూ మగవాడితో సమానంగా కనిపిస్తుంది. తీరంలో కోడలు దొడ్లో ఉంటుంది. ఆమెను, ఈమెను కలిపి రెండుతో భాగిస్తే వచ్చే అంకె ఇద్దరిలో ఎవరిదీ కాదు. పైగా ఇచ్ఛాపురం వేరే రాష్ట్రంలో, వేరే మండలంలో ఉంది కనుక, పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న బరంపురంతో దాన్ని ఎవరూ కలిపి చూడరు. 2025 జనవరి నుంచి ఈ సర్వేలో జిల్లాను మూల ప్రమాణంగా తీసుకోవడం మొదలుపెట్టారు. ఇది చాలా ఏళ్ల క్రితమే జరగవలసింది.

ఇప్పుడు కొన్ని ఇళ్లు చూద్దాం. బరంపురం పట్టుచీర మీకు తెలుసు. 2012లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నేసేవాళ్లలో ఎక్కువమంది తెలుగు మాట్లాడే దేవాంగులు. మగ్గం మీద కూర్చునే మనిషి ఒక్కడే. ఆ ఒక్కడు కూర్చోవాలంటే వెనక కండెలు చుట్టాలి, పోగులు విడదీయాలి, పడుగు సిద్ధం చేయాలి, తెగిన దారం అతకాలి. ఇంట్లో ఆడవాళ్లు, ఆడపిల్లలు తెల్లవారి లేచింది మొదలు చేసేది అదే. చీర ఖరీదు మగవాడి చేతికి వస్తుంది, సొసైటీ పుస్తకంలో పేరు మగవాడిది. సర్వే నియమం ప్రకారం భార్య ఇంటి వృత్తిలో సహాయకురాలు. అంటే పనిచేసే మనిషే, నిరుద్యోగి కాదు. మగ్గం మూలపడితే? భర్త పని పోగొట్టుకున్నవాడవుతాడు. భార్య మాత్రం ఇంటిపనుల్లోకి జారిపోతుంది. ఇద్దరి పనీ ఒక్క రోజే పోయింది, లెక్కలో మాత్రం ఒక్కరిదే పోయింది.

బరంపురంలోనే అప్పడాలు వత్తే ఇళ్లున్నాయి. పిండి వ్యాపారి ఇస్తాడు, కిలోకి ఇంత అని కూలి ఇస్తాడు. అడిగితే "ఖాళీగా ఉన్నప్పుడు నాలుగు వత్తుకుంటాను" అంటారు. ఆ ఖాళీ ఎన్ని గంటలో ఎవరూ అడగరు. గోపాల్‌పూర్, ఆర్యపల్లి తీరాన నోళియా కుటుంబాల్లో తెప్ప ఒడ్డుకు చేరాక చేప ఆడవాళ్ల సొత్తు. బేరం, మోత, అమ్మకం అన్నీ వాళ్లవే. వీళ్ల సంగతి కొంత నయం. గంప నెత్తిన పెట్టుకుని వీధిలో కేక వేసే మనిషిని ఇంట్లో ఉందని రాయడం ఎంత బద్ధకస్తుడైన గణకుడికైనా కష్టమే.

కాలం కూడా లెక్కను మారుస్తుంది. నమూనా సర్వేలో వారం లెక్క అని ఒకటుంది. గడిచిన ఏడు రోజుల్లో ఏ ఒక్క రోజైనా ఒక్క గంట పనిచేస్తే పనిచేసినట్టే. శ్రావణంలో నాట్ల వారం అడిగితే మా ఊళ్లలో ఇంట్లో ఉండే ఆడమనిషి కనబడదు. వైశాఖంలో అడిగితే పొలంలో ఉండే ఆడమనిషి కనబడదు. సర్వేవారు ఏడాది పొడుగునా తిరుగుతారు కనుక ఆ ఎత్తుపల్లాలు సగటులో సర్దుకుంటాయి. కాని ఒక గంట అన్న నియమం చూడండి. వారంలో ఒక గంట అప్పడాలు వత్తినా పని ఉన్నట్టే, ఆరు రోజులు ఎండలో వరి కోసినా పని ఉన్నట్టే. మొదటి ఆమెకు ఇంకా పని కావాలి. ఆ కోరిక నిరుద్యోగ శాతంలో కనబడదు.

సూరత్ సంగతి మన జిల్లాలో చెప్పనక్కరలేదు. కుర్రవాళ్లు మరమగ్గాల మీదికి పోతారు. వెనక ఉన్న చెక్క పొలం, ఆవు, అప్పు, ముసలివాళ్లు భార్య మీద పడతాయి. నెలనెలా డబ్బు వస్తుంది కనుక ఆమె ఇంట్లో సుఖంగా ఉందని ఊరి మాట. 2020లో లాక్‌డౌన్ వచ్చి మగవాళ్లు రైళ్లలో తిరిగొచ్చినప్పుడు, ఆ డబ్బు ఆగిపోయినప్పుడు, ఇంటి ఖర్చు ఎవరు ఎలా గడిపారో అడిగినవాళ్లు తక్కువ.

ఇంకో రకం ఇల్లు నాకు దగ్గరది. నా దగ్గర చదువుకున్న అమ్మాయిలు కొందరు డిగ్రీ దాకా, కొందరు బి.ఎడ్. దాకా వెళ్లారు. పరీక్షలు రాస్తారు, నోటిఫికేషన్ కోసం చూస్తారు. ఆ రెండు మూడేళ్లు లెక్కల్లో వాళ్లు అసలైన నిరుద్యోగులు. చదువుకున్న ఆడపిల్లల్లో నిరుద్యోగ శాతం ఎప్పుడూ ఎక్కువగానే కనబడుతుంది. కేరళ అంకె పెద్దదిగా ఉండడానికీ ఇదొక కారణం. అక్కడి ఆడవాళ్లు పని కావాలని నోరు విప్పి చెబుతారు. తరువాత మా అమ్మాయికి పెళ్లవుతుంది. అత్తగారింట్లో పుస్తకాలు అటక ఎక్కుతాయి. మరుసటి సర్వేలో ఆమె ఇంటిపనుల గడిలో ఉంటుంది. నిరుద్యోగుల్లో ఒకరు తగ్గారు! ఉద్యోగం ఎవరికీ రాలేదు. అందుకని ఒక జిల్లాలో స్త్రీల నిరుద్యోగం తగ్గిందని చదివినప్పుడు, వాళ్లు పనిలోకి వెళ్లారా, ఆశ వదులుకున్నారా అని నేను వెతుకుతాను.

దేశం మొత్తం అంకెలే చూడండి. 2017-18లో పదిహేనేళ్లు దాటిన స్త్రీలలో శ్రామికశక్తిలో ఉన్నవారు నూటికి 23 మంది. 2023-24 నాటికి దాదాపు 42 మంది అయ్యారు. స్త్రీల నిరుద్యోగం అదే కాలంలో 5.6 నుంచి 3.2 శాతానికి తగ్గింది. ఆరేళ్లలో ఇంత మార్పు సంతోషించవలసిందే. కాని పల్లెల్లో పనిచేసే స్త్రీలలో నూటికి 70 మందికి పైగా స్వయం ఉపాధిలో ఉన్నవారని అదే నివేదిక చెబుతోంది. ఆ మాట కింద సొంత కొట్టు పెట్టుకున్న ఆమె ఉంది, జీతం లేకుండా మొగుడి పొలంలో కలుపు తీసే ఆమె కూడా ఉంది. ఇది అభివృద్ధా, ఇబ్బందులు పెరిగి చేతికి దొరికిన పనిలో పడడమా, లేక గణకులు ఇప్పుడు మెరుగ్గా అడుగుతున్నారా అని ఆర్థికవేత్తలు వాదించుకుంటున్నారు. నా మట్టుకు మూడూ కొంత కొంత నిజమేననిపిస్తుంది. అయినా పనిని పనిగా రాయడం మొదలైందంటే, అది చిన్న విషయం కాదు.

పని కావాలా అన్న ప్రశ్నకు నోటిమాటగా కాక, కాళ్లతో జవాబు చెప్పిన సందర్భం ఒకటుంది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైన 200 జిల్లాల్లో గంజాం ఒకటి. ఊరికి ఐదు కిలోమీటర్ల లోపు పని, ఆడా మగా ఇద్దరికీ ఒకే కూలి, పనివారిలో కనీసం మూడోవంతు స్త్రీలు అని ఆ చట్టంలో ఉంది. అంతకుముందు "మా ఇంటి ఆడవాళ్లు పనికి వెళ్లరు" అన్న ఇళ్ల నుంచే తట్టలు పట్టుకుని చెరువు గట్టు మీదికి వచ్చినవాళ్లను నేను చూశాను. సర్కారు పని కనుక పరువుకు లోటు లేదు. దూరం లేదు కనుక పిల్లల బెంగ లేదు. ఆ స్త్రీలు ఆ ఉదయమే శ్రామికశక్తిలో పుట్టలేదు. ఆ పథకం నడిచిన ఏళ్లలో, పని ఇంటికి దగ్గరగా వస్తే ఎందరు వస్తారో మస్టరు రోల్సే చెప్పాయి.

మరి ఎలా కొలవాలి? నిపుణులు దారి చూపకపోలేదు. 2013లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక గణాంక నిపుణుల సమావేశం, నిరుద్యోగ శాతం ఒక్కటే చాలదని తీర్మానించింది. పని వెతకకపోయినా దొరికితే చేసేవారిని, పని ఉన్నా గంటలు చాలనివారిని విడిగా లెక్కించి పక్కనే చూపమంది. ఇంకొకటి కాల వినియోగ సర్వే. రోజులో ఇరవై నాలుగు గంటలూ ఏం చేశారో రాసుకునే పద్ధతి. 1998-99లో ప్రయోగంగా ఆరు రాష్ట్రాల్లో చేశారు, వాటిలో ఒరిస్సా ఉంది. తరువాత 2019లోనూ 2024లోనూ దేశమంతటా చేశారు. 2024 సర్వేలో ఇంటి చాకిరీ చేసే స్త్రీ దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతోంది. చేసే మగవాడు 88 నిమిషాలు పెడుతున్నాడు. నీళ్లు, కట్టెలు, వంట, గిన్నెలు పోగా ఆమెకు మిగిలే గంటల్లోనే ఏ పనైనా ఇమడాలి. ఆమె పని వెతకడం లేదని రాసేముందు, వెతకడానికి ఏ పూట మిగిలిందో అడగాలి కదా.

నేను మా తొమ్మిదో తరగతి పిల్లల చేత ఒకసారి ఇలాంటిదే రాయించాను. "నిన్న మీ అమ్మ ఏం చేసింది, గంట గంటకూ రాయండి" అన్నాను. పిల్లలు మొదట రెండు పంక్తులు రాశారు: వంట చేసింది, పడుకుంది. ఇంటికి వెళ్లి అమ్మను అడిగి రాయమన్నాను. మర్నాడు ఒక అమ్మాయి రెండు పేజీలు తెచ్చింది. అందులో జీడిపిక్కలు ఒలవడం ఉంది, మేకలకు ఆకు కోయడం ఉంది, స్వశక్తి సంఘం మీటింగు ఉంది, పక్కింటి వాళ్లకు జాకెట్టు కుట్టడం ఉంది. కుట్టుకూలి ఎంతో కూడా రాసింది. చివర బ్రాకెట్లో "అమ్మ ఖాళీయే" అని రాసింది. అది నాన్న చెప్పిన మాటట.

2027 జనగణనకు 2025 జూన్‌లో ప్రభుత్వం ప్రకటన ఇచ్చింది. ఈసారి లెక్కలు కాగితం మీద కాక ఫోనులో రాస్తారు. మీ ఇంటికి వచ్చే గణకుడు, గణకురాలు మాలాంటి పంతుళ్లే అయివుంటారు, తొందరలోనే ఉంటారు. ఇంటి ఆడమనిషి గురించి అడిగినప్పుడు ఆమెనే గుమ్మంలోకి పిలవండి. అమ్మా, మీరు ఏడాదిలో అమ్మిన చేప, వత్తిన అప్పడం, చుట్టిన కండె, నాటిన మడి, కుట్టిన జాకెట్టు అన్నీ వరసగా చెప్పండి. ఎన్ని నెలలు చేశారో చెప్పండి. పని లేకపోతే, దొరికితే చేస్తారో లేదో అది కూడా మీ నోటితోనే చెప్పండి. అడగకపోయినా చెప్పండి.

ఆ చిలికా ఒడ్డు పల్లెకు నేను మొన్న ఒక పిల్లను బడిలో చేర్పించే పని మీద వెళ్లాను. ఆ కోడలు ఇప్పుడు తానే అత్తగారు. నన్ను గుర్తుపట్టింది. నేను ఆనాడు రాసిన సంగతి చెప్పాను. నవ్వి, "అయితే ఇన్నాల్లూ సర్కారు కాడ నాను ఖాలీగా కూకున్నానన్నమాట" అంది. లోపలికి వెళ్లి ఎండుచేపలు కొన్ని ఆకులో చుట్టి తెచ్చింది. నేను ధర అడిగి, డబ్బిచ్చి తీసుకున్నాను.